మా పాప ఎవరికీ ‘వద్దు’ అనదు. ఎలా నేర్పించాలి?

విభాగం: మేధో వైకల్యం ఉన్న పిల్లల ఇళ్లు, తిరుపతి–చిత్తూరు

పద్మావతీపురం అమ్మ · ఆదివారం రాత్రి 9.40

మా పాపకు పదమూడేళ్లు. డౌన్ సిండ్రోమ్. రెండు మూడు పదాలు కలిపి మాట్లాడుతుంది, మనం చెప్పింది చాలావరకు అర్థం చేసుకుంటుంది. రోజూ ఆటోలో ప్రత్యేక పాఠశాలకు వెళ్లి వస్తుంది. మొన్న గేటు దగ్గర నిలబడి చూశాను. ఆటో ఆయన చేతిలో చాక్లెట్ పెట్టి బుగ్గ గిల్లాడు. అది ఎవరైనా చేసేదే. కానీ ఆయన చెయ్యి ఎత్తకముందే మా పాప బుగ్గ ముందుకు పెట్టి నిలబడింది. అక్కడ నాకు గుండె జారిపోయింది.

ఆయన మీద నాకు ఫిర్యాదేమీ లేదు. అయిదేళ్లుగా తెలిసిన మనిషి. నా భయం ఆయన గురించి కాదు. ఎవరు ఏం చెయ్యమన్నా మా పిల్ల చేస్తుంది, ఎవరు ఏం చేసినా ఊరుకుంటుంది.

గుడ్ టచ్, బ్యాడ్ టచ్ వీడియో చూపించాను. బొమ్మలు బాగున్నాయని నవ్వింది. మర్నాడు జ్వరం ఉందేమోనని వాళ్ల తాతయ్య నుదుటి మీద చెయ్యి వేస్తే ‘బ్యాడ్ టచ్’ అని వీధి వినేలా అరిచింది. పాపం, ఆయన రెండు రోజులు ఆ గదిలోకే రాలేదు. ఆటో ఆయన దగ్గర మాత్రం బుగ్గ చాపడం మానలేదు.

నేర్పించిన వాళ్లు ఉంటే చెప్పండి. ‘జాగ్రత్తగా చూసుకోండి’ అని మాత్రం రాయకండి, అది పదమూడేళ్లుగా వింటున్నాను.

రేణిగుంట నాన్న · ఆదివారం రాత్రి 9.58

ముందు ఒక్కటి చూడండి అమ్మా. ఆటోలో ఎంతమంది పిల్లలు? చివరగా దిగేది మీ పాపేనా?

పద్మావతీపురం అమ్మ · ఆదివారం రాత్రి 10.05

అయిదుగురు. అవును, మాదే చివరి ఇల్లు. ఇంతకాలం ఈ ప్రశ్న నాకు తట్టనే లేదు.

మంగళం తాత · సోమవారం ఉదయం 6.10

పెద్దవాడిగా ఒక మాట. పసిమనసులకు లేనిపోని భయాలు నూరిపోయకండి. ఈ బిడ్డలకు కల్లాకపటం తెలియదు, దేవుడి బిడ్డలు. నా మనవడికి పదహారేళ్లు. ఇంటికి ఎవరొచ్చినా ఎదురెళ్లి కౌగిలించుకుంటాడు, వచ్చినవాళ్లు ఎంత ముచ్చటపడతారో! కనిపెట్టుకుని ఉండాల్సింది పెద్దవాళ్లు. ఆ బరువు పిల్లల మీద పెట్టడమేమిటి?

భవిత (ప్రత్యేక అవసరాల పిల్లల కేంద్రం) టీచరు · సోమవారం రాత్రి 8.30

తాతగారూ, కాపాడాల్సింది పెద్దవాళ్లేనన్న మీ మాటతో నాకు పేచీ లేదు. పిల్లకు నేర్పించాం కదా, ఇక జరిగితే తప్పు పిల్లదే అనే స్థితి రాకూడదు. కానీ మీ మనవడి కౌగిలింత గురించి చెప్పక తప్పదు. అయిదేళ్లప్పుడు ముచ్చట. పదహారేళ్ల కుర్రాడు రేపు బస్టాండులో ముక్కూమొహం తెలియని అమ్మాయిని అలాగే పట్టుకుంటే ఎవరూ ముచ్చటపడరు, కొడతారు. వాడికి ఎందుకు కొట్టారో కూడా తెలియదు. ఇంకో వైపు నుంచి చూడండి: తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు అన్న తేడా లేకుండా ఒళ్లు అప్పగించడం అలవాటైన పిల్లవాడిని లొంగదీసుకోవడానికి దుర్మార్గుడికి శ్రమే ఉండదు. మనకు నమస్కారం ఉంది కదా! ఇంట్లో వాళ్లకు కౌగిలింత, బయటివాళ్లకు నమస్కారం. వారం పది రోజులు ప్రతి అతిథి దగ్గరా చెయ్యించండి. రెండు చేతులూ కలిసే ఉంటాయి, మధ్యన అడుగు దూరమూ ఉంటుంది.

ఇక అమ్మగారి ప్రశ్న. వీడియో పని చెయ్యకపోవడం పాప తప్పు కాదు. ‘మంచి, చెడ్డ’ అనేవి ఈ పిల్లలకు గాలిలో మాటలు. సూది మందు నొప్పి పెడుతుంది, కాబట్టి చెడ్డది. చాక్లెట్ ఇచ్చి నిమిరితే హాయిగా ఉంటుంది, కాబట్టి మంచిది. వాళ్ల లెక్క అది, అందులో తర్కం తప్పేమీ లేదు. మోసం చేసేవాడు ముందు హాయిగానే మొదలుపెడతాడు. అందుకే మంచిచెడ్డలు పక్కన పెట్టి కంటికి కనిపించే నియమాలు ఇవ్వాలి. ఒళ్లు కడిగేది ఎవరు? అమ్మ, అమ్మమ్మ. వాళ్ల ఫొటోలు స్నానాల గది తలుపు మీద అంటించండి. ఫొటో లేని మనిషికి ఆ పని లేదు. డాక్టరు చూడొచ్చు, అమ్మ గదిలో ఉంటేనే. ‘అమ్మకు చెప్పొద్దు’ అని ఎవరన్నా సరే, ఆ మాట వెంటనే అమ్మకే చెప్పాలి.

అన్నిటికన్నా ముందు ఇంకొకటి ఉంది, అది రాయడానికి నాకే సిగ్గుగా ఉంది. ఈ పిల్లలను ఇలా తయారు చేసింది మేమే. కూర్చో అంటే కూర్చోవాలి, చేతులు కట్టుకో అంటే కట్టుకోవాలి, చెప్పిన మాట వింటే చాక్లెట్. పదేళ్లు ఇదే శిక్షణ. ‘ఎంత బుద్ధిమంతురాలో, ఎవరి మాటా కాదనదు’ అని ప్రగతి పుస్తకంలో రాసి సంతకం పెట్టాను నేను. అమ్మా, మీ పాప ఇంట్లో దేనికైనా ‘వద్దు’ అంటుందా? అంటే మీరు ఆగుతారా?

పద్మావతీపురం అమ్మ · సోమవారం రాత్రి 11.20

చాలాసేపు ఆలోచించి రాస్తున్నాను. ఆగము.

మా పాపకు సంగటి పడదు, ముద్ద నోటి దగ్గరకు రాగానే మొహం తిప్పుకుంటుంది. బలమని మా అత్తగారు గడ్డం పట్టుకుని పెడుతుంది. తల దువ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెడితే ఆ చెయ్యి పక్కకు నెట్టి దువ్వుతాను, బడి ఆటో వచ్చేస్తుంది మరి. బంధువులొస్తే ‘ముద్దు పెట్టు’ అని ముందుకు తోస్తాం. వద్దు అనడం దానికి ఒకప్పుడు వచ్చే ఉంటుంది టీచరుగారూ. పనిచెయ్యదని తెలుసుకుని మానేసి ఉంటుంది.

భవిత టీచరు · మంగళవారం ఉదయం 7.05

మందు, స్నానం, బడి: వీటిలో ‘వద్దు’ చెల్లదు. ఆ సంగతి మీరు చెప్పి చెయ్యండి. మిగతా వాటిలో రోజుకు రెండు మూడు సార్లైనా ‘వద్దు’ నెగ్గాలి. నీలం గౌను వద్దా, సరే. సంగటి వద్దా, దోసె. మొదట్లో అన్నిటికీ వద్దంటుంది, ఇల్లు పీకి పందిరి వేస్తుంది. ఓర్చుకోండి. అది చేదైన కాలమే కానీ, దారిలో పడినట్టే.

కొర్లగుంట పిన్ని · మంగళవారం మధ్యాహ్నం 2.15

నాకొక చిక్కు ఉంది, నవ్వకండి. ‘తెలియనివాళ్లు తినడానికి ఏమిచ్చినా తీసుకోకు’ అని మా వాడికి నేర్పించాను. మనది తిరుపతి! అడుగడుగునా ఎవరో ఒకరు లడ్డూ తుంచి చేతిలో పెడతారు. ప్రసాదం వద్దనకూడదు కదా. గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒక ముసలావిడ ప్రసాదం ఇస్తే వాడు నేలకేసి కొట్టాడు. ఆవిడ బాధ చూడలేకపోయాను. ఇంటికొచ్చి ‘ప్రసాదం అయితే తీసుకోవచ్చు’ అన్నాను. ఇప్పుడు ఎవరు ఏమిచ్చినా ‘పసాదం’ అని నోట్లో వేసుకుంటున్నాడు.

భవిత టీచరు · మంగళవారం సాయంత్రం 5.40

మినహాయింపు పెట్టారంటే నియమం పోయినట్టే పిన్నీ, ఈ పిల్లల దగ్గర. నియమాన్నే మార్చండి. ఎవరు ఏమిచ్చినా రెండు చేతులా తీసుకోవాలి, కళ్లకద్దుకోవాలి, అమ్మ చేతిలో పెట్టాలి. అమ్మ ఇస్తేనే నోట్లోకి. ప్రసాదమైనా అంతే, చాక్లెట్ అయినా అంతే. ఇంట్లోనే కాకుండా గుడి దగ్గర, బడి గేటు దగ్గర, పెళ్లిలో, అన్ని చోట్లా సాధన చెయ్యించండి. వంటింట్లో వచ్చిన పాఠం వీధిలోకి దానంతటది రాదు. మరో మాట, వచ్చిందో లేదో చూద్దామని ఎవరినో పురమాయించి పిల్లవాడిని ఎత్తుకుపోయినట్టు నటించే వాళ్లున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. వాడికి అది నాటకమని తెలియదు.

పలమనేరు ఫిజియో · మంగళవారం రాత్రి 9.00

నా పనే ఒళ్లు తాకే పని, కాబట్టి మా వైపు నుంచి చెబుతాను. నేను ప్రతిసారీ ‘ఇప్పుడు మోకాలు పట్టుకుంటాను, సరేనా?’ అని అడిగి, తల ఊపేదాకా ఆగుతాను. మాట రాని పిల్లలకు ‘ఆగు’ అని అరచెయ్యి బొమ్మ ఉన్న కార్డు మెడలో వేస్తాను. అది ఎత్తితే చేతులు తీసేస్తాను, వ్యాయామం సగంలో ఉన్నా సరే. తలుపు తెరిచే ఉంటుంది, తల్లో తండ్రో అక్కడే కూర్చుంటారు. మీ పిల్లకు ఎవరు చికిత్స చేసినా ఇది అడగండి. ‘మీరుంటే పిల్ల మారాం చేస్తుంది, బయట కూర్చోండి’ అన్న చోటికి రెండోసారి వెళ్లకండి. నిజాయితీగా చెప్పిన సలహా కావచ్చు. అయినా వద్దు.

బడిలో చేర్పించేటప్పుడు ఫీజు కంటే ముందు అడగాల్సింది: మరుగుదొడ్డికి పిల్లలను ఎవరు తీసుకెళతారు, ఆ మనిషి సెలవు పెట్టిన రోజు ఎవరు? రెండో భాగానికి తడుముకున్నారంటే మీకు సమాధానం దొరికినట్టే. స్నానం, శౌచం, నెలసరి గుడ్డ మార్చుకోవడం పిల్ల తనంతట తాను ఎంత చేసుకోగలిగితే, తన ఒంటి మీదకు వచ్చే పరాయి చేతులు అంత తగ్గుతాయి. రెండేళ్లు పట్టినా నేర్పించదగ్గ విద్య.

భవిత టీచరు · మంగళవారం రాత్రి 10.10

ఇక పేర్ల గొడవ. ఒంటి భాగాలకు మనం పేర్లు చెప్పం. చెబితే ముద్దుపేర్లు. మా కేంద్రంలో ఒక పిల్ల ‘అన్న బుజ్జిని గిల్లాడు’ అని నాలుగు రోజులు చెప్పింది. వాళ్లింట్లో పిల్లిపేరు బుజ్జి అని మాకు తెలుసు. పిల్లిని గిల్లాడనుకుని నవ్వాం. వాళ్ల అమ్మ మర్మాంగాన్ని కూడా అదే పేరుతో పిలుస్తుందని తెలిసేసరికి అయిదో రోజు. ఆ నవ్వు నాకు ఈనాటికీ ముల్లులా గుచ్చుకుంటుంది.

కొర్లగుంట పిన్ని · మంగళవారం రాత్రి 10.25

అయ్యో దేవుడా. మరి ఏ మాట చెప్పాలి? వాడుకలో ఉన్నవి బూతులు, పుస్తకాల్లోవి డాక్టర్ల మాటలు. నోరు రావద్దూ!

భవిత టీచరు · మంగళవారం రాత్రి 10.50

పుస్తకాల మాటే చెప్పండి. రొమ్ములు, పిరుదులు, యోని, పురుషాంగం. చేతికి చెయ్యి అన్నట్టే. మొదట మీకే ఎబ్బెట్టుగా ఉంటుంది, పిల్లకు ఉండదు. దానికి మోకాలూ అంతే, అదీ అంతే. పలకలేకపోతే పోనీ, బొమ్మ మీద చూపించగలిగితే చాలు. చెప్పినప్పుడు విన్నవాళ్లందరికీ ఒకే అర్థం కావాలి, అదే మనకు కావాల్సింది. ‘సిగ్గు’, ‘ఛీ’ అని మాత్రం నేర్పించకండి. ఛీ అన్నదాని గురించి పిల్ల నోరు విప్పదు.

రేణిగుంట నాన్న · బుధవారం అర్ధరాత్రి 12.40

ఆటోలో చివర దిగేది ఎవరని ఎందుకు అడిగానో చెబుతాను.

మా వాడికి అప్పుడు పదకొండేళ్లు. మాటలు తక్కువ, విన్నవి మాత్రం చిలకలా అంటాడు. ఆ ఏడు మే నెలలో గంగమ్మ జాతరకు తీసుకెళ్లాం. వేషాలవాళ్లు తిట్టే బూతులు మీకు తెలిసినవే, మొక్కులో భాగం. ఆగస్టులో మా వాడు ఉన్నట్టుండి బూతులు మొదలుపెట్టాడు. జాతరలో పట్టుకొచ్చాడని ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. తర్వాత నిక్కరు విప్పనివ్వడం మానేశాడు, స్నానానికి కూడా. రాత్రి పక్క తడిపేవాడు, అది మానేసి అప్పటికి నాలుగేళ్లు. చూపిస్తే ‘ఈ పిల్లల్లో ఇలాంటివి మామూలే’ అన్నారు, మందు రాశారు. బండి శబ్దం వింటే మంచం కిందకు దూరేవాడు. అప్పుడు, రెండు నెలలు గడిచాక, నాకు వెలిగింది. ఆ బూతులు జాతరలో వినిపించేవి కావు. ఎవరో ఒకడు ఒకే పిల్లవాడితో, చెవి దగ్గర అనేవి.

నిర్వాహకులు · బుధవారం ఉదయం 8.00

రేణిగుంట నాన్నగారూ, మీ ధైర్యానికి నమస్కారం. అందరికీ మనవి: పిల్లల పేర్లు, బడుల పేర్లు, ఫొటోలు, ఎవరని అనుమానిస్తున్నారో ఆ వివరాలు ఇక్కడ రాయవద్దు. బాధిత పిల్లల ఆనవాళ్లు బయటపెట్టడం చట్టరీత్యా నేరం.

చిత్తూరు వకీలు · బుధవారం రాత్రి 9.15

నాన్నగారి మాటల్లోంచి అందరూ పట్టుకోవాల్సింది ఇది: కొత్తగా వచ్చిన ప్రవర్తనను పాత వైకల్యం ఖాతాలో రాసెయ్యకండి. వైకల్యం ఆ బాబుకు ముందు నుంచీ ఉన్నదే. బండి శబ్దానికి భయం ఆగస్టు తర్వాత వచ్చింది.

చట్టం సంగతి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012లో వచ్చింది. పద్దెనిమిదేళ్లలోపు మగపిల్లలకూ, ఆడపిల్లలకూ ఒకటే రక్షణ. పిల్లల వైకల్యాన్ని ఆసరా చేసుకుని చేసిన నేరాన్ని అది మరింత తీవ్రమైనదిగా లెక్కిస్తుంది. 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరుగుతుందన్న భయం ఉన్నా పోలీసులకు చెప్పాలి. రుజువు చెయ్యడం మీ పని కాదు. బడి పరువు పోతుందని దాచిన పెద్దలకు 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది.

స్టేషనుకు పిల్లను తీసుకెళ్లాలనే భయంతోనే చాలామంది ఆగిపోతారు. అక్కర్లేదు. పిల్ల ఇంట్లోనే, లేదా పిల్లకు ఇష్టమైన చోట వాంగ్మూలం తీసుకోవాలి. సాధ్యమైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి, అదీ యూనిఫాం లేకుండా. మన పిల్లలకు ముఖ్యమైనది 26వ సెక్షన్: మాట సరిగా రాని పిల్ల చెప్పేది అర్థం చేసుకోవడానికి ప్రత్యేక ఉపాధ్యాయుల సాయం గానీ, పిల్ల భాష తెలిసిన మనిషి సాయం గానీ తీసుకోవచ్చు. కోర్టులోనూ అదే వీలుంది. ‘ఈ పిల్ల సాక్ష్యం ఎవరు నమ్ముతారు’ అని ఎవరన్నా అంటే ఈ సెక్షన్లు చూపించండి.

జరిగిన రోజు చెయ్యాల్సింది. స్నానం చెయ్యించకండి, బట్టలు ఉతక్కండి. ప్లాస్టిక్ సంచిలో కాదు, కాగితంలో చుట్టి పెట్టండి. పిల్ల అన్న మాట అన్నట్టే కాగితం మీద రాయండి, ‘బుజ్జి’ అంటే ‘బుజ్జి’ అనే. పదిమందీ పదిసార్లు అడగకండి. అడిగిన ప్రతిసారీ పిల్ల మనల్ని సంతోషపెట్టే జవాబు వెతుక్కుంటుంది, కేసు అక్కడే బలహీనపడుతుంది. ప్రభుత్వాసుపత్రి అయినా ప్రైవేటు అయినా వెంటనే ఉచితంగా చికిత్స చెయ్యాలి. ఆడపిల్లను పరీక్షించాల్సింది మహిళా డాక్టరు. ఫోను 1098 (పిల్లల హెల్ప్‌లైన్) లేదా 112 (అత్యవసర సాయం), రాత్రయినా పగలైనా. ఉచిత న్యాయ సాయానికి 15100.

శ్రీకాళహస్తి అక్క · గురువారం మధ్యాహ్నం 1.30

వకీలుగారూ, మా చెల్లెలికి 24 ఏళ్లు. బుద్ధి ఏడెనిమిదేళ్ల పిల్లది. పోక్సో దానికీ వర్తిస్తుందా? ఇంకొకటి, మా మేనత్త గర్భసంచి తీయించెయ్యమంటోంది. నెలసరి బాధ తప్పుతుందట, ‘ఏదైనా జరిగినా’ భయం ఉండదట. అమ్మ మెత్తబడుతోంది.

చిత్తూరు వకీలు · గురువారం రాత్రి 8.20

వర్తించదమ్మా. సరిగ్గా ఇదే ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 38 ఏళ్ల మహిళ, మానసిక వయసు ఆరు నుంచి ఎనిమిదేళ్లు. చట్టంలో వయసంటే పుట్టిన తేదీని బట్టి లెక్కించే వయసేనని 2017లో తీర్పు వచ్చింది. అలాగని మీ చెల్లెలికి దిక్కు లేదనుకోకండి. మామూలు శిక్షాస్మృతిలోనే వైకల్యం ఉన్న స్త్రీపై అత్యాచారానికి శిక్ష ఎక్కువ. వాంగ్మూలం ఇంట్లో తీసుకోవడం, ప్రత్యేక ఉపాధ్యాయుల సాయం, వీడియో తీయడం ఆమెకూ ఉన్నాయి. పద్దెనిమిది దాటాక తల్లిదండ్రులు దానంతటదే సంరక్షకులు కారు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. ఆ కాగితం లేకపోతే తర్వాత చాలా చోట్ల అడ్డం పడుతుంది.

గర్భసంచి విషయం. 2016 వికలాంగుల హక్కుల చట్టం 10వ సెక్షన్: ఆ మనిషి స్వేచ్ఛగా, తెలిసి ఒప్పుకోకుండా పిల్లలు పుట్టకుండా చేసే ఏ చికిత్సా చెయ్యకూడదు. చట్టం అటుంచి, మీ మేనత్తను ఒకటి అడగండి. ఆ ఆపరేషన్ ఆపేది దేన్ని? అఘాయిత్యాన్నా, అది బయటపడటాన్నా?

శ్రీకాళహస్తి అక్క · గురువారం రాత్రి 8.45

అమ్మకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు. పొయ్యి కట్టేసి వచ్చి మళ్లీ చదవమంది.

మంగళం తాత · శుక్రవారం ఉదయం 6.20

అన్నీ చదివాను. దేవుడి బిడ్డలన్న మాట వెనక్కు తీసుకోను. నమస్కారం మాత్రం మొన్నటి నుంచి చెయ్యిస్తున్నాం. మొదటిరోజు నాకే పెట్టి దూరంగా నిలబడ్డాడు. నేను ఇంట్లో మనిషినిరా అని చెప్పుకోవాల్సి వచ్చింది.

పద్మావతీపురం అమ్మ · పన్నెండు రోజుల తర్వాత, రాత్రి 10.00

మీరంతా చెప్పాక ఏం చేశామో రాస్తున్నాను.

ఒకరోజు ఆటోలో నేనే వెనక సీట్లో కూర్చుని ఇంటిదాకా వచ్చాను. నాలుగో పిల్లవాడు దిగాక మా పాప ఒక్కతే ఇరవై నిమిషాలు. ఆటో ఆయనతో మాట్లాడాను. ముందు మొహం మాడ్చుకున్నాడు. ‘నా మీద అనుమానమా అమ్మా, నాకూ కూతుళ్లున్నారు’ అన్నాడు. అనుమానం కాదన్నా, ఇకపై ఎవరి బిడ్డా ఒంటరిగా మిగలకూడదని తల్లులమంతా అనుకున్నాం అన్నాను. నిజానికి అప్పటికి అనుకున్నది నేనొక్కదాన్నే, మిగతా నలుగురితో ఆ సాయంత్రం మాట్లాడాను. ఇప్పుడు చివరి ఇద్దరు పిల్లలు ఒకే చోట దిగుతారు, అక్కడి నుంచి నేను నడిపించుకొస్తాను. చాక్లెట్లు ఆపమన్నాను. ఆపాడు. ఇంకా నాతో ముభావంగానే ఉన్నాడు. ఆయన మనసు నొప్పించానేమోనని నాకూ బాధే. అయినా సరే అనిపిస్తోంది.

సంగటి విషయంలో మా అత్తగారు ఇంకా లొంగలేదు. దువ్వెన మాత్రం పాప చేతికే ఇచ్చేశాను. పాపిడి వంకరగా పోతోంది, బడికి అలాగే వెళుతోంది. నిన్న మా ఆడపడుచు ముద్దు పెట్టమంటే ‘వద్దు’ అంది. ఆవిడ నొచ్చుకుంది. పాప నా మొహం వంక చూసింది. నేను సరే అన్నాను. మళ్లీ చూసింది, నమ్మలేనట్టు.

ఒక్కచోట ఆగిపోయాను. టీచరుగారు చెప్పినట్టు ఒంటి బొమ్మ కార్డులు చేయిద్దామని జిరాక్సు అంగడికి వెళ్లాను. ఆయన ఆ బొమ్మ చూసి, నన్ను చూసి, మిషన్ చెడిపోయిందన్నాడు. నా వెనకాల వచ్చిన కుర్రాడికి ఆధార్ కాపీ తీసి ఇచ్చాడు. రెండో అంగడిలో యజమాని బొమ్మను బోర్లా తిప్పి కౌంటరు మీద పెట్టాడు.

కొర్లగుంట పిన్ని · రాత్రి 10.12

మా ఇంట్లో ప్రింటరు ఉంది, మా పెద్దవాడిది. లామినేషన్ మిషనూ ఉంది. ఆదివారం పొద్దున రండి. ఎన్ని సెట్లు కావాలో అందరూ ఇక్కడే రాయండి, కాగితాలు సరిపోవాలి కదా.

శ్రీకాళహస్తి అక్క · రాత్రి 10.15

నాకొకటి. పెద్ద సైజు.

మంగళం తాత · రాత్రి 10.31

మగపిల్లల బొమ్మ కూడా ఉందా? ఉంటే రెండు. ఒకటి మా కోడలికి.